రఘురామ్ పేరు మీద జున్ను

పొద్దున్నే పాల ప్యాకెట్టు గుమ్మంలో పడగానే రఘురామ్ గారు కళ్ళజోడు పెట్టుకుని దాన్ని వెలుతురుకి ఎత్తి చూస్తారు. రోజూ వచ్చే పాలే, రోజూ ఇచ్చే మనిషే. అయినా తేదీ చదవందే ప్యాకెట్టు వంటింట్లోకి వెళ్ళదు. బ్రెడ్డు, ఉప్మా రవ్వ, శనగపిండి, ఆఖరికి ఉప్పు కూడా అంతే. ఉప్పుకి గడువేమిటండీ, సముద్రం మీద కూడా తేదీ వేయిస్తారా అని కృష్ణవేణి గారు ఎన్నిసార్లు ఎగతాళి చేసినా ఆయన నవ్వరు. గడువు ఇవాళ్టితో సరి అని రాసి ఉంటే ఇవాళ పొద్దున్నే అది చెత్తబండిలో పడాల్సిందే. ఏలూరులో గవర్నమెంటు ఆఫీసులో సూపరింటెండెంటు కదా, అక్కడి ఫైళ్ళ అలవాటు ఇంట్లోకి తెచ్చుకున్నారని వట్లూరులో వాళ్ళ వీధి వాళ్ళు అనుకునేవారు.

తమాషా ఏమిటంటే ఆ వీధిలో తేదీలతో పనిలేని ఇల్లు ఏదైనా ఉంటే అది వాళ్ళదే. కృష్ణవేణి గారు ఒకరి పేరు పైకి చెప్పి ఏదైనా గిన్నెలో అట్టేపెట్టి మూత వేశారంటే, ఆ మనిషి వచ్చి తినేదాకా అది పాడవదు. అత్తిలిలో పుట్టింట్లో ఉన్నప్పటి నుంచీ ఆవిడ చెయ్యి అలాంటిది. ఎదురింటి జీవరత్నం టీచరు గారు ఆదివారం వండిన రొయ్యల ఇగురు తెచ్చి, "మా ఫిన్నీ పేరు మీద పెట్టండమ్మా" అని ఇచ్చి వెళతారు. హైదరాబాదులో ఉద్యోగం చేసే ఫిన్నీ రెండు నెలలకి వస్తుంది. ఆ పిల్ల ఆటో దిగి వీధి మొదట్లో అడుగు పెట్టేసరికి ఇక్కడ అలమరలో గిన్నె దానంతటదే వెచ్చబడుతుంది. కృష్ణవేణి గారు చెయ్యి ఆనించి చూసి, "టీచరు గారూ, మీ అమ్మాయి వచ్చేసింది, ఇస్తరి వెయ్యండి" అని కేకేస్తారు.

ఒకరి పేరు మీద పెట్టింది ఇంకొకరు తినకూడదు. తింటే ఆ వంట అసలు వయసు వాళ్ళ కడుపులో బయటపడుతుంది. ఫిన్నీ బాబాయి ఒకాయన సంగతి తెలిసీ నోరు ఆపుకోలేక రెండు రొయ్యలు ఏరుకు తిని మూడు రోజులు సెలైన్ మీద ఉన్నాడు. ఇక పేరున్న మనిషి పోతే, గిన్నె ఆ నిమిషమే కుళ్ళిపోతుంది. పక్క వీధి దుర్గాభవాని గారి భర్త ఆకివీడు నుంచి చేపల లారీ తోలుకుని హౌరా వెళ్ళినప్పుడు ఒకరోజు పదకొండు గంటలకి అలమరలో ఆయన పేరు మీద పెట్టిన గిన్నెలోంచి వాసన వచ్చింది. కృష్ణవేణి గారు పొయ్యి కట్టేసి వెళ్ళి, ఏమీ చెప్పకుండా దుర్గాభవాని గారి పక్కన కూర్చున్నారు. ఫోను నాలుగింటికి వచ్చింది.

ఇంత వసతి ఇంట్లో ఉండగా రఘురామ్ గారు పెళ్ళయిన వారంలోనే ఒక మాట అన్నారు.

"నా పేరు మీద ఏదీ అట్టేపెట్టకు. నాకు నిలవ తిండి పడదు."

అప్పటి నుంచి ముప్ఫై ఏళ్ళు ఆయన ఐదున్నర దాటకుండా ఇల్లు చేరారు. ఆలస్యమవుతుందనుకుంటే బయటే తిని వచ్చారు. ఊరందరికీ అట్టేపెట్టిన చెయ్యి సొంత మొగుడికి ఒక్క గిన్నె పెట్టలేకపోయింది. ఆ బాధ కృష్ణవేణి గారికి ఉండేది. ఎవరితోనూ అనలేదు.

ఈ మే నెలలో ఆయన్ని మూడు వారాల ట్రైనింగని విశాఖపట్నం పంపారు. ఆయన వెళ్ళిన మూడో రోజే తాడేపల్లిగూడెంలో ఉన్న కృష్ణవేణి గారి చెల్లెలు విజయకుమారి తమ గేదె ఈనిందని జున్నుపాలు పంపింది. జున్నంటే రఘురామ్ గారికి ప్రాణం. ఏడాదికోసారి దొరికితే దొరికినట్టు. కృష్ణవేణి గారు బెల్లం వేసి, ఏలకులు వేసి, మిరియాలు కచ్చాపచ్చాగా దంచి వేసి, ఆవిరి మీద ఉడికించారు. చాకు గుచ్చి చూస్తే చక్కగా గట్టిపడింది. ఇంత మంచి జున్ను ఆయన లేకుండా అయిపోతుందా అనిపించింది. స్టీలు డబ్బాలోకి తీసి, చుట్టూ ఒకసారి చూసి, "రఘురామ్" అన్నారు. ముప్ఫై ఏళ్ళలో మొగుడి పేరు పైకి చెప్పడం అదే మొదలు. సిగ్గేసి గబుక్కున మూత పెట్టేశారు. ఎండలు మండిపోతున్నాయని డబ్బాని అలమరలో కాకుండా ఫ్రిజ్‌లో పెట్టారు.

జున్ను పెట్టిన పద్దెనిమిదో రోజు పదింటికి ఆయన తిరిగి వచ్చారు. బ్యాగు పుచ్చుకుంటూ ఆవిడ ఫ్రిజ్ తీసి డబ్బా పట్టుకుని చూశారు. చల్లగానే ఉంది. ఫ్రిజ్‌లో ఉంది కదా, అందుకే అనుకున్నారు. అలా అనుకోకుండా ఉంటే ఎంత బాగుండేది.

"ఎప్పటిది?" అని అడిగారు రఘురామ్ గారు, గిన్నెలో జున్ను ముక్కలు చూస్తూ.

"నిన్నటిదండీ. మా విజయ పంపింది."

జున్ను మీద తేదీ ఉండదు. ఆయన వాసన చూశారు, చెంచాతో కదిపి చూశారు. తర్వాత కళ్ళు మూసుకుని తిన్నారు. డబ్బాలో సగం తిన్నారు. మిగతాది సాయంత్రం తింటానన్నారు. ఆవిడకి కడుపు నిండిపోయింది.

గంట తిరక్కుండా ఆయన గోడ పట్టుకుని వంగిపోయారు. వాంతులు ఆగలేదు. పెదాలు నల్లబడ్డాయి. జీవరత్నం టీచరు గారు ఆటో పిలిచి, ఇద్దరినీ ఎక్కించి, తానూ ఎక్కి ఏలూరులో ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

డాక్టరు నెల్సన్ గారు నాడి చూసి, నర్సుకి మందులు చెప్పి ఇటు తిరిగారు.

"ఏం తిన్నారమ్మా?"

"జున్నండీ."

"ఎప్పటిది?"

కృష్ణవేణి గారు ఇక అబద్ధం చెప్పలేకపోయారు. "పద్దెనిమిది రోజులదండీ. కానీ ఆయన పేరు మీదే అట్టేపెట్టాను."

డాక్టరు గారు తలూపి చీటీ రాసుకుంటూ అడిగారు. "పేరు సరిగ్గానే చెప్పారా?"

"ముప్ఫై ఏళ్ళ నుంచీ ఉన్న పేరేనండీ. రఘురామ్."

"అయితే అది ఈయన పేరు కాదు," అన్నారు నెల్సన్ గారు, రక్తం ఏ గ్రూపో చెప్పినట్టు. "ముందు ఏదో ఒకటి కడుపులో నిలవాలి. నీళ్ళు కూడా నిలవట్లేదు. బీపీ పడిపోతోంది. రేపటిదాకా నేనేం చెప్పలేను."

టీచరు గారు కృష్ణవేణి గారిని పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టారు. శుభలేఖ మీద ఉన్న పేరు. ఇంటి గేటు మీద చెక్కించిన పేరు. గుళ్ళో అర్చన చేయించినప్పుడల్లా ఆయన పూజారికి చెప్పిన పేరు. మరి ఆ మంచం మీద ఉన్నది ఎవరు? తను ఎవరికి వండిపెట్టింది ఇన్నాళ్ళూ? చచ్చిపోతాడేమో అన్న భయం ఒకవైపు, ఎవరితను అన్న భయం ఒకవైపు. ఏ భయానికి ఏడవాలో తెలియక ఆవిడ అసలు ఏడవలేదు.

మధ్యాహ్నం దాటాక లోపలికి రానిచ్చారు. ఆవిడ మంచం పక్కన నిలబడ్డారు.

"మీ పేరేమిటండీ?"

ఆయన పైకప్పు వంక చూస్తూ, "జగ్గారావు," అన్నారు.

కొల్లేటి లంకలో వాళ్ళిద్దరన్నదమ్ములు. రఘురామ్ పెద్దవాడు, పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయ్యాడు. జగ్గారావు తప్పాడు. ఎనభై ఆరు వరదల్లో రఘురామ్ కట్టు తెంచుకున్న గేదెల కోసం దోనె వేసుకుని వెళ్ళాడు. నీళ్ళు తీశాక బోర్లాపడిన దోనె దొరికింది, మనిషి దొరకలేదు. వాళ్ళ నాన్న పదకొండో రోజు దాటాక చిన్నవాడిని ఏలూరు తీసుకొచ్చి, పెద్దవాడి సర్టిఫికెట్టు చేతిలో పెట్టి కాలేజీలో చేర్పించాడు. ఒక్కడు పోయాడు, చదువన్నా మిగలనీ అన్నాడట.

"నీళ్ళలో పోయింది జగ్గారావు అని నాన్న ఊళ్ళో చెప్పాడు. రఘురామ్ ఏలూరులో చదువుకుంటున్నాడని చెప్పాడు. నేను ఏటా ఆగస్టులో ఆఫీసు పనని చెప్పి కొల్లేరు వెళ్ళేది అన్నయ్యకి నువ్వులూ నీళ్ళూ వదలడానికే."

"మరి నిలవ తిండి పడదని..."

"నువ్వు రఘురామ్ అని పెడితే ఆ నిమిషమే కుళ్ళిపోతుంది కదా. పోయినవాడి పేరు. నేనెవరో నీకు తెలిసిపోతుందని భయం. అందుకే నిలవంటే పడనట్టు ఈ తేదీలన్నీ చూసేది."

ఉప్పు ప్యాకెట్టు మీద కూడా తేదీ చూసిన మనిషి. కృష్ణవేణి గారికి ఆ క్షణంలో కోపం వచ్చింది. జాలీ వచ్చింది. ఆ రెండిటినీ పక్కకి నెట్టి ఇంకేదో వచ్చి గుండెలో కూర్చుంది. ఆవిడ అన్నారు.

"కుళ్ళలేదండీ."

"ఏమిటి?"

"జున్ను. పద్దెనిమిది రోజులూ పువ్వులా ఉంది. మీరే కదండీ వాసన చూశారు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సెలైన్ చుక్కలు పడుతున్నాయి.

ఆవిడ టీచరు గారిని అక్కడ కూర్చోబెట్టి ఇంటికి పరుగెత్తారు. ఫ్రిజ్ తీసి మూత తీశారు. మిగిలిన సగం జున్ను ఉడికించిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. బెల్లం వాసన, ఏలకుల వాసన. కృష్ణవేణి గారు ఫ్రిజ్ తలుపు తెరిచి పెట్టుకుని వంటింట్లో కింద కూర్చుండిపోయారు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో తను ఎన్నడూ వినని బావగారు బతికున్నారు.

కాసేపటికి లేచి పొయ్యి వెలిగించారు. పల్చగా గంజి కాచి, ఉప్పు వేసి, చల్లార్చి, చిన్న డబ్బాలో పోసి, "జగ్గారావు" అన్నారు. నోటికి ఆ పేరు కొత్తగా ఉంది. మూత బిగించి ఆస్పత్రికి వెళితే, వార్డు గుమ్మంలోకి వచ్చేసరికి డబ్బా చేతిలో వెచ్చబడింది. అంతదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

ఆ గంజి ఆయన కడుపులో నిలిచింది. తెల్లారి నెల్సన్ గారు బీపీ చూసి, చీటీ మీద పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాసుకుని వెళ్ళారు.

నాలుగో రోజు ఇంటికి వచ్చాక జగ్గారావు గారు జున్ను డబ్బా మూత తీసి చూసుకున్నారు. వేలితో ముట్టుకోలేదు.

"అన్నయ్యకి మిరియాలు పడవు," అన్నారు. "పలుకులు ఏరి నా గిన్నెలో వేసేవాడు."

"బతికుంటే ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదండీ?"

ఆయన మూత పెట్టేశారు. "వచ్చి ఏ పేరు చెప్పుకుంటాడు కృష్ణవేణీ? వాడి పేరు నేను పెట్టుకుని తిరుగుతున్నాను. నా పేరు చెప్పుకుంటే, ఆ జగ్గారావు చచ్చిపోయాడుగా."

ఏటా ఆ మనిషికి ఈ మనిషి నువ్వులు వదిలాడు. ఎక్కడో గట్టు మీద నిలబడి ఆయన అది చూసి ఉంటే?

"ఆగస్టు దాకా ఎందుకండీ," అన్నారు కృష్ణవేణి గారు. "రేపే వెళదాం."

"ఉద్యోగం..."

"అది మనం తిరిగొచ్చాక చూద్దాం."

మర్నాడు పొద్దున్న ఏలూరు బస్టాండులో ఎక్కారు. డబ్బా ఆవిడ ఒళ్ళో ఉంది. పక్కన కూర్చున్న పెద్దావిడ, "క్యారేజీ ఎవరికమ్మా?" అని అడిగితే, "మా బావగారికండీ" అన్నారు. ఆ మాట అనడం ఆవిడకి జీవితంలో మొదటిసారి. ఎప్పుడు వండిందో విని ఆ పెద్దావిడ, "ఆయన పేరు మీదే పెట్టారుగా, మరేం ఫరవాలేదు" అంది.

కైకలూరు దాకా డబ్బా చల్లగానే ఉంది. జగ్గారావు గారు కిటికీలోంచి బయటికి చూడలేక ముందు సీటు కమ్మీ పట్టుకుని తల దించుకు కూర్చున్నారు. కైకలూరు దాటింది. రోడ్డుకి రెండు వైపులా చేపల చెరువులు, గట్ల మీద మేత బస్తాలు, కాపలా పాకలు. బస్సు ఉప్పుటేరు వంతెన ఎక్కింది. డబ్బా చల్లగానే ఉంది. వంతెన దిగింది.

కృష్ణవేణి గారు చీర కొంగుతో డబ్బా తుడిచి మళ్ళీ చెయ్యి ఆనించారు. వెచ్చగా తగిలింది, ఎండకేమో అనుకున్నారు. కానీ ఒకసారి అలా అనుకుని ఎంత పని చేశారో గుర్తొచ్చింది. డబ్బా తీసి నీడ వైపు పెట్టుకున్నారు. అడుగు నుంచి వస్తోంది వేడి, అప్పుడే పొయ్యి మీంచి దించినట్టు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని మూత మీద పెట్టారు.

ముప్ఫై తొమ్మిదేళ్ళ కిందట మీసం రాని మొహం ఎలా ఉండేదో అలా అయిపోయింది ఆయన మొహం.

కృష్ణవేణి గారే లేచి నిలబడ్డారు.

"కాస్త ఆపండి బాబూ," అన్నారు డ్రైవరుతో. "మా బావగారు అన్నానికి ఎదురుచూస్తున్నారు."