తక్కెడ సాక్ష్యం

దుకాణాల్లో తూకపురాళ్ళు సరిగా ఉన్నాయో లేదో పరీక్షించే ఉద్యోగం అతనిది. బజారంతా అతన్ని తక్కెడ అనే పిలిచేది. గ్రాము తేడా వస్తే తోడబుట్టినవాడి కొట్టుకైనా తాళం వేయించే రకం. అలాంటివాణ్ణి అబద్ధం చెప్పమని అడగబోవడమంటే రాతిలో నార తీయబోవడమే. ఐదేళ్ళు అతనితో కాపురం చేసిన దర్జీ ఆవిడకు ఆ సంగతి తెలియక కాదు. ఆశ పుడితే తెలివి పక్కగదిలోకి పోయి గడియ పెట్టుకుంటుంది, అంతే.

వాళ్ళు విడిపోయి ఆరేళ్ళయింది. కోర్టు విడాకులిచ్చింది, ఆమె గుడి ఇవ్వలేదు. కతోలికుల పెళ్ళి దేవుడు వేసిన ముడి, మనుషులు విప్పేది కాదు. ఒక్కటే సందు ఉంది. పెళ్ళినాడు ఇద్దరిలో ఒకరైనా ఇది జీవితాంతమని అనుకోలేదని తేలితే, అసలు ముడే పడలేదని గుడి తీర్పరులు చెబుతారు. తక్కెడ బౌద్ధుల ఇంట పుట్టినవాడు. పెళ్ళికి వారం ముందు జ్ఞానస్నానం తీసుకుని, రెండేళ్ళు తిరక్కుండానే అమ్మానాన్నల దారికి మళ్ళిపోయాడు. వాళ్ళలో పెళ్ళంటే ఇద్దరు మనుషులు ఇచ్చుకున్న మాట. భిక్షువులు దీవిస్తే దీవిస్తారు, ముడి వేయరు. వేయని ముడిని విప్పాల్సిన పనీ వాళ్ళకు లేదు.

ఇక్కడేమో బేకరీ ఆయన ఆమె కోసం మూడేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. భార్య పోయినవాడు, కనుబొమల మీద పిండితోనే పొద్దుటి పూజకు వచ్చే మనిషి. గుడిలో కాని పెళ్ళి తనకు పెళ్ళే కాదన్నాడు. ఆమె అభిప్రాయమూ అదే.

అందుకే తక్కెడ ఆఫీసుకు వెళ్ళింది. అతను ఇత్తడి రాళ్ళను పట్టకారుతో ఒక్కొక్కటే తీసి గుడ్డతో తుడుస్తున్నాడు.

"మీ వాళ్ళ లెక్కలో పెళ్ళి జీవితాంతం కాదు కదా? నువ్వూ ఆ రోజు అలాగే అనుకున్నావని చెప్పు, చాలు."

"అన్నీ అనిత్యమే" అన్నాడు.

"అదే! ఆ మాటే చెప్పు."

"వస్తాను. అడిగినదానికి చెప్తాను. నీకు మంచి జరగాలనే నాకూ ఉంది."

ఆమె దాన్ని ఒప్పుకోలు కింద జమకట్టింది. బేకరీ ఆయనకూ అలాగే చెప్పింది. ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు, ఆయన మేడగదికి రంగులు వేయించడం మొదలుపెట్టాడు.

రెండు నెలలకు తీర్పరి ఫాదర్ పిలిపించి సాక్ష్యాల కట్ట ముందు పెట్టారు. అక్కడే కూర్చుని చదవాలి, ఇంటికి ఇవ్వరు.

"జ్ఞానస్నానం పెళ్ళి కోసమే తీసుకున్నారా?" అన్న ప్రశ్న కింద, "లేదు. అప్పుడు నిజంగా నమ్మాను" అని ఉంది. "పొసగకపోతే విడిపోవచ్చని మనసులో ఉందా?" అన్నదాని కింద: "లేదు. అన్నీ అనిత్యమని చిన్నప్పటి నుంచి విన్నవాణ్ణే. ఆ రోజు మాత్రం ఇదొక్కటి కాదనుకున్నాను. ఆమెతో జీవితాంతం అనుకున్నాను. అది నా పొరపాటు. కానీ అనుకున్నది నిజం."

మూడుసార్లు చదివింది. ఐదేళ్ళ కాపురంలో ఒక్కనాడూ అతని నోట రాని మాట. ఒక్క క్షణం గుండె నిండిపోయింది, సిగ్గులేకుండా నిండిపోయింది. మరుక్షణం ఆ మాట తననేం చేసిందో అర్థమైంది.

"ఇంకో దారి లేదా ఫాదర్ గారూ?"

"నాకు కనబడటం లేదమ్మా. మీ ఇద్దరూ మనస్ఫూర్తిగానే చేసుకున్నారు."

మెట్ల మీద నిలబడి తక్కెడకు ఫోన్ చేసింది. "ఒక్క అబద్ధం చెప్తే నీ సొమ్మేం పోయేది?"

"బాధపడకు. నా దృష్టిలో మన పెళ్ళి ఎప్పుడో అయిపోయింది. నిన్నెవరూ కట్టేయలేదు."

"నీ దృష్టి నాకెందుకురా! నేను బతకాల్సింది నా దాంతో."

ఆమే ఫోన్ పెట్టేసింది.

బేకరీ ఆయన పిండి పిసుకుతూ అంతా విన్నాడు. తక్కెడ జవాబును ఆమె అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది, అప్పటికే కంఠతా వచ్చేసింది మరి.

"నువ్వూ ఆ రోజు అలాగే అనుకున్నావా?" అని మెల్లగా అడిగాడు.

"అనుకున్నాను."

ఆయన చేతులు ఆగిపోయాయి. తిడతాడేమో, ఆ గుడినీ ఆ తీర్పునూ గంగలో కలపమంటాడేమో అని ఆమె ఆశగా చూసింది. ఒక్క తిట్టు వినబడినా ఆయన వెంట ఎక్కడికైనా నడిచిపోయేది.

"అయితే మూడేళ్ళుగా నేను ఎదురుచూసింది ఇంకొకరి పెళ్ళాం కోసమా?" అన్నాడు. కోపంగా కాదు, తనను తానే ప్రశ్నించుకుంటున్నట్టు.

కాదని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. చిన్నప్పటి నుంచి తను నమ్ముతూ వచ్చిన దాని ప్రకారం ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు.