గంటెలడిగితే గంటలొచ్చాయి

భద్రాచలంలో ముస్తకీమ్‌కు గిన్నెల కొట్టు ఉంది. స్టీలు సామాను, ఇత్తడి బిందెలు, ఎడ్ల మెడలో కట్టే గంటలు అన్నీ దొరుకుతాయి. కంప్యూటర్ చదువు పూర్తిచేసిన ఆయన కూతురు జెబా ఆ కొట్టుకు వెబ్‌సైట్ తయారుచేసింది. అందులో సరుకులు వెతికే సెర్చ్ అంటే ఆమెకు ప్రాణం. ఎవరు తప్పు రాసినా అది తనంతట తానే దిద్దుకుంటుంది.

“‘గిన్లు’ అని కొట్టినా గిన్నెలే వస్తయ్ అబ్బా!” అని తండ్రి దగ్గర మురిసిపోయింది.

“షాబాష్ బేటీ. నాకు తప్పులు రాసుడే వచ్చు. ఇగ నేను గూడ కొనొచ్చు,” అన్నాడు ముస్తకీమ్.

దుమ్ముగూడెం దగ్గర ఒక హాస్టల్‌కు శ్రీధర్ వార్డెన్. వంటింట్లో సాంబారు వడ్డించే గంటెలన్నీ కాడలు ఊడిపోయి ఉండగా, పెద్ద ఆఫీసరు హాస్టల్ పిల్లలతో కలిసి భోంచేయడానికి వస్తున్నాడని కబురొచ్చింది. శ్రీధర్ హడావుడిగా ఫోన్ తీసి, ఇంగ్లీషు అక్షరాల్లో ‘గంటెలు’ అని కొట్టాడు.

జెబా తన సైట్‌లో గంటెలకు ‘సర్వింగ్ స్పూన్’ అని పేరు పెట్టింది. అందుకే సైట్‌కు ‘గంటెలు’ అనే మాటే తెలియదు. పాపం, ఈయనెవరో తప్పు రాశాడనుకుని, ఒక అక్షరం దిద్ది ‘గంటలు’ చూపించింది. సిగ్నల్ లేక ఫొటోలు తెరుచుకోలేదు. ఆ ఒక్క అక్షరం తేడా శ్రీధర్ గమనించనూ లేదు. ‘ఇత్తడివి, గట్టివి, పెద్ద సైజు’ అన్నది చదివి సంతోషంగా ఆర్డర్ పెట్టాడు.

ఆఫీసరు వచ్చే రోజు పొద్దున పార్సిల్ వచ్చింది. విప్పి చూసిన శ్రీధర్ వెంటనే కొట్టుకు ఫోన్ చేశాడు.

“మేడమ్, గంటెలు అడిగితే గంటలు పంపిండ్రేంది? సాంబారు ఎడ్ల మెడల కట్టాల్నా?”

“మీరు ఏం టైప్ చేసిండ్రు సార్?” అంది జెబా.

“గంటెలే కొట్టిన. ఇప్పుడు చూస్తే మీ వెబ్‌సైటే దాన్ని దిద్ది నాకు తెలుగు నేర్పింది!”

పక్కనుంచి విన్న ముస్తకీమ్ అప్పటికే గంటెలు సంచిలో వేస్తున్నాడు. “జల్దీ నడువు బేటీ,” అంటూ స్కూటర్ తీశాడు.

వాళ్లు వెళ్లేసరికి భోజనాల బంతి సాగుతోంది. వంటమనిషి సోమ్లి ఒక గంటను శుభ్రంగా తోమి, మూతి పైకి వచ్చేలా వెదురు కర్రకు కట్టి, దాంతోనే సాంబారు పోస్తోంది. వంచినప్పుడల్లా లోపలి నాలుక టంగుమంటోంది. ఆ మోత కోసం పిల్లలు మళ్లీ మళ్లీ పోయించుకుంటున్నారు.

ఆఫీసరు తలెత్తాడు. “వార్డెన్ గారూ, ఏంది ఈ చప్పుడు?”

శ్రీధర్ సోమ్లి వైపు చూశాడు. ఆమె తొణకకుండా, “మోత వింటే అందరికీ అందుతున్నదో లేదో ఈడికెల్లే ఎరుకైతది సార్,” అంది.

ఆఫీసరు “అయితే ఇటు గూడ ఒకసారి మోగించమ్మా,” అని కంచం ముందుకు జరిపాడు. పిల్లలు ఘొల్లుమని నవ్వారు. శ్రీధర్ గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

బంతి లేచాక జెబా అతని దగ్గరికి వెళ్లింది. “తప్పు మీది కాదు సార్, నాదే. మీరు సరిగ్గనే రాసిండ్రు. నేనే దిద్దిన.”

“మనింట్ల దాన్ని డోయీ అంటం గద బేటీ,” అన్నాడు ముస్తకీమ్, సంచిలోంచి గంటెలు తీస్తూ. “సర్వింగ్ స్పూన్ అని ఎవరంటరు?”

జెబాకు నవ్వొచ్చింది. పుట్టినప్పటి నుంచి డోయీతో వడ్డించిన అన్నం తిని, సైట్‌లో మాత్రం ఇంట్లో ఎవరూ అనని పేరు రాసింది. హాస్టల్ వరండాలోనే, వెంట తెచ్చుకున్న ల్యాప్‌టాప్ తెరిచి గంటె, డోయీ, గరిటె అన్నీ చేర్చింది. ఇక అనుమానం వస్తే సైట్ తనంతట తాను దిద్దకూడదు, అడగాలి. అలా మార్చి శ్రీధర్ చేతికిచ్చింది.

శ్రీధర్ భయంభయంగా, ఈసారి కావాలనే ఒక అక్షరం మింగి ‘గంట్లు’ అని కొట్టాడు. ‘మీకు కావలసినవి గంటెలా, గంటలా?’ అని సైట్ అడిగింది.

అతను ‘గంటెలు’ నొక్కబోయాడు. వెనకనుంచి తొంగిచూసిన సోమ్లి అంది: “రెండూ చెప్పు సార్. గంట లేకుంటే పోరగాళ్లు రేపు సాంబారు ముట్టరు.”