తాళం పడిందా, బావా?

లిఫ్టు మెకానిక్కుల్లో పైకి రావాలని ప్రతివాడికీ ఉంటుంది, పైకి పోవాలని మాత్రం ఎవడికీ ఉండదు. మా బతుకంతా తాళ్ల మీదా తాళాల మీదా నడుస్తుంది. తాళ్లు లిఫ్టును మోస్తాయి, తాళాలు మమ్మల్ని కాస్తాయి. పని మొదలుపెట్టే ముందు మేడ మీది మోటారు గదిలో మెయిన్ స్విచ్ దించి, ఎవరూ మళ్లీ ఎత్తకుండా తాళం వెయ్యాలి. ఎవడి తాళం వాడిది. ఎవడి చెవి వాడి జేబులో. ఇదీ రూలు.

నా జోడీ మా ఆవిడ తమ్ముడు. డిపోలో వాణ్ణి అందరూ కంగారు అనే పిలుస్తారు. తాళం వేస్తాడు, వేశాక తాళలేడు. మెట్లు దిగి, మళ్లీ ఎక్కి, లాగి చూస్తాడు. బావమరిది అంటే ‘బావ మరి ఏడీ?’ అని వెతికేవాడని నేను అర్థం చెబితే అందరూ నవ్వారు, వాడు తప్ప.

ఆ ఉదయం సూపర్‌వైజరు నా చేతిలో ఓ ఫారం పెట్టాడు. "రెండు గంటల పని నాలుగు గంటలవుతోంది. బంధువని చూడకు. లిఫ్టు తిరిగే షాఫ్టులో పనికి వాడు పనికొస్తాడో లేదో సాయంత్రానికల్లా రాసివ్వు."

పనికిరాడని రాస్తే వాడు గోడౌన్లో బోల్టులు ఏరుకోవాలి. పనికొస్తాడని రాస్తే, రేపేదైనా జరిగినప్పుడు కిందున్న సంతకం నాది.

వెళ్లింది పన్నెండంతస్తుల ఆసుపత్రికి. భయం మీద ఏదో పరిశోధన అంటే కిందటి నెల కంగారు అక్కడే తన తల అప్పిచ్చి వచ్చాడు. స్కానర్‌లో పడుకోబెట్టి రంగులు చూపించారట. నీలం వస్తే ఏమీ కాదు. ఎరుపు వస్తే చేతికి చిన్న షాకు ఖాయం. పసుపు వస్తే తగలొచ్చు, తగలకపోవచ్చు. ఆ పరిశోధన చేసే డాక్టరమ్మే వసారాలో ఎదురై ఫలితం చెప్పింది.

"ఎరుపు చూసినప్పుడు మీ మెదడు అందరిలాగే ఉంది. పసుపుకి మాత్రం లోపల గంట మోగుతూనే ఉంది. ఆందోళన ఎక్కువున్న మరికొందరిలోనూ ఇలాగే చూశాం."

"అంటే నాకు రోగమా, మేడమ్?"

"కాదండీ. జరుగుతుందో లేదో తెలియకపోతే మీకు పడదు. అంతే."

"ఆ మెదడు ఫొటో ఒకటి ఇప్పించండి మేడమ్," అన్నాను నేను. "ఉన్నట్టు రుజువుంటుంది."

వాడు నవ్వలేదు. "బావా, నీ తాళం తెచ్చావా?"

తెచ్చాను. సంచీలోంచి తియ్యలేదు. "నీ తాళం ఉండగా నాదెందుకురా? దానికి నువ్వు కాపలా, నీకది కాపలా. పద."

వాడు పైకెళ్లి, తాళం పడిందని ఫోన్ చేశాడు. నేను మూడో అంతస్తు తలుపు తెరిచి లిఫ్టు డబ్బా నెత్తి మీదకి దిగాను. దిగగానే అక్కడున్న ఎర్ర బొత్తాం నొక్కాలి. నొక్కితే డబ్బా ఇక కదలదు. అదీ నొక్కలేదు. తాళం ఉందిగా!

వెనక తలుపు మూసుకుంది. చక్రాలకి గ్రీజు రాస్తున్నాను. సగం రాశానో లేదో, కాళ్ల కింద డబ్బా ఉలిక్కిపడింది. తర్వాత కదిలింది.

పైకి.

గోడ మీద పెయింటుతో రాసిన అంకెలు ఒక్కొక్కటే కిందికి జారుతున్నాయి. నాలుగు. ఐదు. పన్నెండు దాటితే కాంక్రీటు కప్పు. డబ్బాకీ దానికీ మధ్య మనిషి పట్టే చోటు లేదు. అరుద్దామంటే నోరు పెగల్లేదు. ముప్ఫై ఏళ్లుగా మూతపడని నోరు! గ్రీజు డబ్బీని గుండెకి హత్తుకుని, అది ఒలక్కుండా చూసుకుంటున్నాను. ఆరు.

పైన తాళ్లు దిగే కంతలోంచి గొంతు వినిపించింది. అరుపు కాదు. అన్నానికి పిలిచినట్టుంది.

"బావా. ఎడమ మోకాలి పక్కన ఎర్ర బొత్తాం ఉంది. నొక్కు."

ఏడు.

"చేతిలో ఏముంటే అది వదిలెయ్."

వదిలేశాను. చాలాసేపటికి అడుగున ఎక్కడో చప్పుడైంది.

"ఇప్పుడు ఎడమ చెయ్యి."

ఎనిమిది. నా ఎడమ ఏదో నాకు తెలియలేదు.

"గడియారం ఉన్న చెయ్యి, బావా. దాన్ని కిందికి దించు."

తొమ్మిది. చెయ్యి దిగింది. బొత్తాం దిగింది. ఓ కుదుపుతో డబ్బా ఆగింది.

నన్ను బయటికి లాగాక మోటారు గదికెళ్లి చూద్దును కదా, బిల్డింగ్ మేనేజరు గోడకి ఆనుకుని చెమటలు తుడుచుకుంటున్నాడు. కంగారు నేల మీద కూర్చున్నాడు.

"తాళం సరిగ్గా పడిందో లేదోనని అనుమానమొచ్చింది," అన్నాడు.

"లాగి చూడాల్సింది."

"చూశాను. అయినా తీరలేదు. తీసి మళ్లీ వేస్తే ఖాయంగా తెలుస్తుందనిపించింది."

తీశాడు. అది వేళ్లలోంచి జారి మోటారు వెనక్కి దొర్లింది. వాడు మోకాళ్ల మీద పాకుతూ వెతుకుతుంటే, లిఫ్టు ఎందుకాగిందో చూద్దామని మేనేజరు వచ్చాడు. తాళం లేని స్విచ్ కనబడింది. ఎత్తేశాడు. పన్నెండులో ఎవరో లిఫ్టును పిలిచారు.

"దించండి అన్నాను. ఏది దించాలి అంటాడాయన. మోటారు చుట్టూ తిరిగెళ్లే టైం లేదు. కంత నా మూతి దగ్గరే ఉంది."

"నీకు భయం వెయ్యలేదట్రా?"

"తాళ్లు తిరుగుతూ కనిపిస్తుంటే ఇంక అనుమానమేముంది బావా? అది ఎరుపే కదా." జేబులో చెవి ఉందో లేదో తడిమి చూసుకున్నాడు. "అక్కకి చెప్పకు."

మెట్ల మీద కూర్చుని ఫారం రాశాను. వాడు తాళం తీశాడని రాశాను. నేను నా తాళం వెయ్యలేదనీ, బొత్తాం నొక్కలేదనీ, రూలు చెవిన పెట్టలేదనీ రాశాను. ప్రమాదంలో ఎవరు కంగారు పడ్డారన్న చోట నా పేరు రాశాను. అడుగున, ‘చెరో తాళం ఉంటే వాడు పనికొస్తాడు, లేకపోతే నేను కూడా పనికిరాను’ అని సంతకం పెట్టి, ఫొటో తీసి పంపాను.

సూపర్‌వైజరు ఫోన్లోనే తిట్టాడు, ఇద్దరినీ సమానంగా. "రెండు తాళాలూ వేసి పని ముగించండి. రేపు పొద్దున ఇద్దరూ నా ఎదుట ఉండాలి."

నా తాళం వాడి తాళం పక్కన వేశాను. చెవి జేబులో వేసుకుని డబ్బా ఆగిన తొమ్మిదో అంతస్తు దాకా దిగాను. తలుపు మీద చెయ్యి వేశాను. చెయ్యి తీసేశాను.

మళ్లీ మెట్లన్నీ ఎక్కి, రొప్పుతూ మోటారు గదిలోకి వచ్చాను. నన్ను చూసి కంగారు పక్కకి జరిగి దారిచ్చాడు.

"లాగి చూసుకో బావా," అన్నాడు. "తియ్యకు మాత్రం."