స్టోర్సు లైను

సెక్టర్ ఏడు క్వార్టర్లో పొద్దున్నే అందరి టిఫిన్ డబ్బాలూ కట్టి, తన డబ్బా దగ్గరికి వచ్చేసరికి కూర అయిపోయింది. కుముదినికి అది కొత్తేమీ కాదు. అన్నంలో ఊరగాయ ముక్క పడేసి మూత పెట్టింది.

ప్లాంటులో పదకొండు ఆఫీసుల కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్ పెట్టెలను సిద్ధం చేసింది ఆవిడే. ఐదు నిమిషాలకోసారి ఒకదాన్నొకటి పలకరించమనీ, జవాబు రాకపోతే వెంటనే రిపోర్టు పంపమనీ వాటికి నేర్పింది. ఇంట్లో తిన్నావా అని ఆవిడను అడిగిన నాథుడు లేడు గానీ, ఆ పెట్టెలు మాత్రం ఒకదాని బాగు ఒకటి కనుక్కుంటూనే ఉండేవి.

అయితే రోజూ సాయంత్రం ఐదున్నరకి స్టోర్సు ఆఫీసు లైను పోయిందని రిపోర్టు. తెల్లారితే మళ్లీ బాగు. ఓ సాయంత్రం తనే వెళ్లి చూసింది. స్టోర్సు ఇన్‌చార్జి బత్తీలూ పంఖాలూ, వాటితోబాటు నెట్‌వర్క్ పెట్టె కూడా ఆగిపోయేలా మెయిన్ స్విచ్ దించేసి, తలుపుకి తాళం వేస్తున్నాడు. ఆ ఇన్‌చార్జి ఆవిడ మొగుడు సురేంద్రనాథ్.

ఇంటికొచ్చాక మెల్లిగా చెప్పి చూసింది. "మా నాన్న రోజుల్నుంచీ ఆఖర్న ఎల్లినోడు మెయిన్ ఆపే ఎల్తాడు. నా ఆఫీసుకి తాళం ఎలా వెయ్యాలో నువ్వు నేర్పుతావేటి?" అన్నాడు. "మొగుడి మీద రిపోర్టు రాసే ఆడదాన్ని మా ఇంటా వంటా ఎరగం," అని అత్తగారు గౌరీదేవి అందుకుంది.

ఆఫీసులో ఆవిడ పైఅధికారి గురునాథరావు సారు ఇంకో మాట అన్నాడు. "తప్పు మీ ప్రోగ్రాంలోనే ఉంది మేడమ్. సాయంత్రమయ్యేసరికి మీ ధ్యాస వంటింటికి ఎల్లిపోద్ది. సోమవారానికి సరిచెయ్యకపోతే ఈ పని వర్మాజీకిచ్చి మిమ్మల్ని టైపింగుకి పంపేస్తాను." నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే మొగుడికి మెమో, ఇంట్లో తనకి నరకం. మింగేసింది. ఆర్నెల్లు కళ్లు పోయేలా చదివి నేర్చుకున్న పని అది. దాన్ని వదులుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

శనివారం, పరీక్షించవలసిన లైన్ల జాబితాలోంచి స్టోర్సును కొట్టేసింది. ఒక్క వరుస. అంత తేలిగ్గా అయిపోవడమే ఆవిడకు ఏడుపు తెప్పించింది.

ఆ తరవాత రిపోర్టు రాలేదు. "బహుత్ అచ్ఛా. మనసు పెడితే మీకూ వస్తది మేడమ్," అన్నాడు గురునాథరావు.

సాయంత్రం సురేంద్రనాథ్ బూట్లు విప్పుతూ నవ్వాడు. "ఇయ్యాల కూడా మెయిన్ ఆపే వచ్చాను. ఏటయింది?"

కుముదిని టీ గ్లాసు అందించింది.

"ఏమీ అవలేదండి," అంది.

పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో ఆవిడ ఇస్తున్న రిపోర్టు అదే.