నిత్యానందం బాగుచేసిన మొహం

గుండుగొలను సెంటర్లో స్టూడియో పెట్టి ముప్పై నాలుగేళ్ళయినా నిత్యానందం ఏనాడూ తనను ఫొటోగ్రాఫర్ అని చెప్పుకోలేదు. ఆర్టిస్టునని చెప్పుకున్నాడు. అడిగినవాళ్ళకీ చెప్పాడు, అడగనివాళ్ళకీ చెప్పాడు. కెమెరా ఉత్త ఇనప డబ్బా అనీ, కంప్యూటరు అంతకంటే పెద్ద డబ్బా అనీ, చూసే కన్ను లేకపోతే రెండూ పాత సామాన్లవాడికి వేసెయ్యొచ్చనీ అతని సిద్ధాంతం. ఫోను మీద ఒక్క నొక్కు నొక్కితే మొహాలు తెల్లబడిపోయే రోజులు వచ్చాక ఆ సిద్ధాంతం మరీ ముదిరింది. "ఆ యాప్‌లకి మనిషి మొహం ఏం తెలుసండీ? అందరికీ ఒకటే సున్నం కొడతాయి. నేను మనిషిని చూసి చేస్తాను," అనేవాడు. అవి గొప్పలే గానీ కోతలు కావు. నిజంగానే చూసేవాడు. వచ్చిన చిక్కంతా అక్కడే.

కిందటి మాఘమాసంలో కాంతం కూతురి పెళ్ళి ఫొటోలు అతనే తీశాడు. కాంతానిది ఆ ఊళ్ళోనే వ్యవసాయ కుటుంబం. మొగుడు పోయాక నాలుగెకరాల వరిచేను తనే చూసుకుంటోంది. కొడుకు అభినవ్ తాడేపల్లిగూడెంలో ఉద్యోగం చేస్తూ రోజూ ఇంటికి వచ్చిపోతుంటాడు. వీళ్ళు కాక ఆ ఇంట్లో ఇంకో మనిషి, కాంతం తమ్ముడు బంగార్రాజు. అతనికి నలభై ఆరేళ్ళు. బుద్ధి మాత్రం ఆరేళ్ళ దగ్గరే ఆగిపోయింది. చిన్నప్పుడు మరుగుతున్న గంజి మీద పడి ఎడమ చెంప అంతా ముడుచుకుపోయింది. ఆ వైపు కన్ను సగమే తెరుచుకుంటుంది, పెదవి కిందికి జారి ఉంటుంది. చూసినవాళ్ళు ఎవరూ మరిచిపోలేని మొహం.

పెళ్ళిలో కొత్త చొక్కా వేసుకుని, కెమెరా కనపడగానే వచ్చి ఎదురుగా నిలబడి నవ్వాడు బంగార్రాజు. నిత్యానందం ఒక్క ఫొటో తీశాడు. స్టూడియోకి వెళ్ళాక దాన్ని కంప్యూటర్లో తెరిచి చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. ఆ కాలిన చర్మం వెనక ఉండాల్సిన మొహం అతనికి కనిపించింది. ఇంకొకడైతే కుడి చెంపను తీసి ఎడమ వైపు అతికించి పని అయిపోయిందనుకునేవాడు. మొహానికి రెండు వైపులూ ఎప్పుడూ ఒకటిగా ఉండవని తెలిసినవాడు కనక నిత్యానందం అలా చెయ్యలేదు. కాంతం ఎడమ చెంప చూశాడు, పెళ్ళికూతురి కన్ను చూశాడు, అక్కడినుంచి కాస్త, ఇక్కడినుంచి కాస్త పోలిక తీసుకుని రెండు రోజులు కూర్చుని గీశాడు. పూర్తయ్యేసరికి తెర మీద ఎవరైనా తిరిగి చూసేంత అందగాడు నవ్వుతున్నాడు.

ఫొటో చూసి కాంతం ఏడ్చేసింది. "ఆ గంజి పడకపోతే మావాడు ఇలా ఉండేవాడండీ, అన్నయ్యగారూ. మీ చేతుల్లో దేవుణ్ణి పెట్టుకున్నారండీ," అంది. బంగార్రాజుకు చూపిస్తే, "బాగున్నాడు," అని తనూ మెచ్చుకున్నాడు. ఆ ఫొటోను పెద్దది చేయించి నిత్యానందం షాపు అద్దాల్లో పెట్టుకున్నాడు. అంత గర్వం అతనికి ఇంకే పని మీదా లేదు.

రోహిణి కార్తెలో బంగార్రాజు తప్పిపోయాడు. హైవే మీద ఆగిన బస్సు ఎక్కేశాడని ఎవరో చూసి చెప్పారు. అది ఏలూరు వైపు పోయిందో, గూడెం వైపు పోయిందో తెలియదు. అభినవ్ పరుగున స్టూడియోకి వచ్చాడు.

"అంకుల్, మావయ్య ఫొటో కావాలి. పోస్టరు కూడా మీరే తయారుచేసి ఇచ్చెయ్యండి. ఆధార్ కార్డులోది మసకగా ఉంది, పనికిరాదు."

కంప్యూటర్లో రెండు ఫొటోలూ పక్కపక్కనే ఉన్నాయి. తీసింది ఒకటి, గీసింది ఒకటి. నిత్యానందం చెయ్యి తీసినదాని మీద ఒక్క క్షణం ఆగింది. ఇదిస్తేనే మంచిదేమో అనిపించింది కూడా. కానీ ఏలూరు నుంచి గూడెం దాకా ప్రతి స్తంభం మీదా, ప్రతి ఫోనులోనూ తన షాపు నుంచి వెళ్ళిన బొమ్మ ఉండబోతోంది. అలాంటప్పుడు ముట్టుకోని ఫొటో పంపించడానికి అతనికి మనసొప్పలేదు. గీసినదాన్నే పెట్టాడు.

"గుర్తుల్లో ఎడమ చెంప మీద కాలిన మచ్చ అని రాయండి," అన్నాడు అభినవ్.

నిత్యానందం రాశాడు. రాసి, ఫొటో వంక చూసి, చెరిపేశాడు. "ఫొటోలో లేని మచ్చ కింద రాస్తే చూసేవాళ్ళు తికమకపడతారు బాబూ. చొక్కా రంగు రాద్దాం, చాలు."

అభినవ్ అప్పటికే ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. "మీ ఇష్టం అంకుల్," అన్నాడు తెర వైపు చూడకుండానే.

నాలుగు వందల పోస్టర్లు అంటించారు. పెళ్ళి నుంచీ చూసి చూసి అలవాటైన ఫొటోయే కనక ఇంట్లోవాళ్ళకెవరికీ తేడా తోచలేదు. దెందులూరు నుంచి ఒకరు, భీమడోలు నుంచి ఇద్దరు ఫోన్లు చేశారు. వెళ్ళి చూస్తే ప్రతిసారీ ఎవరో చక్కటి మొహం ఉన్న మనిషి. కాంతం అన్నం మానేసి వీధి అరుగు మీదే కూర్చుంది. ఆ నాలుగు రోజులూ నిప్పులు చెరిగే ఎండ.

అయిదో రోజు పొద్దున్న ఉంగుటూరు దగ్గర బస్సు షెల్టర్లో ఒక మనిషి వడదెబ్బకి చచ్చిపడి ఉన్నాడు. చొక్కా రంగు చూసి ఒక కానిస్టేబుల్‌కి అనుమానం వచ్చి పోస్టరు మీది నంబరుకు ఫోను చేశాడు. అభినవ్ ఒక్కడే వెళ్ళలేక నిత్యానందాన్ని తోడు రమ్మన్నాడు. దుప్పటి తియ్యగానే అభినవ్ నేల మీద కూలబడి ఏడ్చాడు. నిత్యానందం తల తిప్పుకున్నాడు. తిప్పుకున్న వైపు గోడ మీద తన పోస్టరు ఉంది. కింద పడుకున్న మనిషి తలకి మూడడుగుల ఎత్తున, అందంగా నవ్వుతోంది.

షెల్టరు పక్కన టీ బడ్డీ నడిపే బ్లెస్సీ అనే ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ నిలబడి ఉంది.

"మూడు రోజులై ఇక్కడే ఉన్నాడండీ. టీ ఇచ్చాను, బన్ను ఇచ్చాను. ఊరడిగితే నవ్వేవాడండీ. నిన్న మధ్యాహ్నం నీళ్ళు కూడా దిగలేదు. ఆటో పిలుద్దామంటే నా చెయ్యి పట్టుకుని వదలడు, ఎక్కడు."

"మరి ఈ పోస్టరు చూడలేదా అమ్మా?" అన్నాడు నిత్యానందం.

"చూడకేమండీ? రోజూ చూస్తూనే ఉన్నాను. పాపం ఎవరి బిడ్డోనని బస్సులు దిగేవాళ్ళ మొహాలన్నీ వెతికానండీ. ఆయనెక్కడ, ఈయనెక్కడ! ఈయన కూడా దాన్ని చూపించి, 'ఎవరు?' అని నన్నడిగాడండీ. 'తప్పిపోయాడంట బాబూ,' అని చెప్పాను. 'అయ్యో' అన్నాడు."

నిత్యానందం ఆ మాట ఎవరికీ చెప్పలేదు. అభినవ్ అంబులెన్సు దగ్గర ఉన్నాడు కనక వినలేదు. షాపుకి వచ్చి అద్దాల్లోంచి ఫొటో తీసేశాడు. తీస్తుంటే అద్దం పగిలితే ఊడ్చి పోశాడు. తర్వాత వారం పైన కంప్యూటరు జోలికి పోలేదు. తన కన్ను గురించి ముప్పై నాలుగేళ్ళు ఊరంతా చెప్పుకున్నాడు. ఆ కన్ను లేని ఏ కుర్రాడైనా పెళ్ళిలో ఫోనుతో ఒక ఫొటో తీసి ఉంటే బంగార్రాజు బతికేవాడు. ఎటు తిప్పి ఆలోచించినా అతనికి అదే తేలింది.

పెద్దకర్మ ముందురోజు ఆ పాత ఫొటో తెరిచాడు. వెలుగు కూడా సర్దకుండా, కెమెరా ఎలా తీసిందో అలాగే ప్రింటు వేయించి ఫ్రేము కట్టించాడు. మర్నాడు పొద్దున్నే కాంతం ఇంటికి తీసుకెళ్ళాడు. పెరట్లో వంటలవుతున్నాయి. కాంతం గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. ఫొటో అందుకుని ఒళ్ళో పెట్టుకుని, ముడుచుకుపోయిన చెంపను బొటనవేలితో నిమిరింది.

"వీడేనండీ మావాడు," అంది. కాసేపటికి, "ఇది ఇప్పుడు తయారుచేశారాండీ, అన్నయ్యగారూ?" అని అడిగింది.

"లేదమ్మా. పెళ్ళిలో తీసిందే."

కాంతం వేలు ఆగిపోయింది. "అంటే, అభినవ్ మీ దగ్గరికొచ్చిన రోజున ఇది మీ దగ్గర ఉందాండీ?"

అబద్ధం చెప్పొచ్చు. పోయిందనుకున్నాను, నిన్ననే దొరికింది అంటే ఆవిడ నమ్మేస్తుంది. నమ్మి, అన్నం తిని వెళ్ళమంటుంది కూడా.

"ఉందమ్మా," అన్నాడు.

కాంతం అరవలేదు. గొంతు కూడా పెంచలేదు. "మరి ఇది ఇవ్వలేదేంటండీ?" అంది. ఎందుకో నిజంగానే తెలియక అడిగిన మాట అది.

నిత్యానందం నేల చూశాడు. గుమ్మం చూశాడు.

"అందులో నా పనితనమేమీ లేదు కదమ్మా," అన్నాడు.