చుక్క పడని ఫోటో

మా జీడిపప్పుకు ఫోటోలు తీయాలని నిర్ణయం జరిగిన రోజు, పప్పు సంగతి తరవాత, ముందు మేమందరం మొహాలు కడుక్కుని పౌడర్ రాసుకున్నాం. ఫోటో అంటే మనదే అనుకోవడం అలవాటు కదా. ఫోటోలు తీసే షైని వచ్చి, మేమెవరమూ కెమెరా ముందుకు రానక్కర్లేదని చెప్పాక కాస్త చప్పబడిపోయాం. మా అత్తగారు బొడ్డమ్మ మాత్రం, "పప్పుకి ఫోటో ఏటే, దానికేటైనా సంబంధం సూత్తన్నారా?" అని అడిగింది.

ఒక రకంగా సంబంధమే. ఉద్దానంలో మా తోట జీడిపిక్కల్ని కాల్చి, కొట్టి, మా ఇంటి వెనక గదిలోనే పప్పు ఏరి ప్యాకెట్లు కడతాం. పలాసలో ఉండే మా తోటికోడలు సుధారాణి వాటిని ఆన్‌లైన్లో అమ్మడానికి పూనుకుంది. కొనేవాడు పప్పును ముట్టుకోలేడు, కొరికి చూడలేడు. కాబట్టి ఫోటోయే వాడి నోరూరించాలి.

షైని మా దగ్గర పప్పు ఏరే మగ్దలీన కూతురు. టెక్కలిలో డిగ్రీ చదివింది. చదువుకున్న సబ్జెక్టు ఏదైనా, నేర్చుకున్నది మాత్రం ఫోటోలు తీయడం. విశాఖలో ఒక బట్టల షోరూం వాళ్లు సోమవారం వచ్చి చేరమన్నారట. సుధారాణి ఇంకో మాట చెప్పింది: "ఫోటోలు బాగుంటే మన పని ఏడాది పొడుగునా షైనిదే అక్కా. బాలేదంటే విశాఖ స్టూడియోకి ఇచ్చేద్దాం. ఆదివారం వచ్చి తేల్చేస్తాను."

"చీరలు మడతెట్టడానికేనా పిన్నీ నేను ఎలుతురు సూడ్డం నేర్సుకున్నది?" అంది షైని నాతో. ఆ మాట నవ్వుతూనే అంది గానీ, ఫోటోకి వెలుతురు మళ్లించే థర్మకోల్ అట్టను గోటితో గిల్లుతూనే ఉంది.

సుధారాణి మా అందరి చేతా ఒక యాప్ వేయించింది. షైని తీసిన ఫోటో అందులోకి వస్తుంది. మనకేదైనా తోస్తే ఫోటోలో సరిగ్గా అక్కడే వేలితో నొక్కాలి. అక్కడొక చుక్క పడుతుంది. ఆ చుక్కలో మన మాట రాయాలి. ఎవరి చుక్కకు వాళ్ల రంగు. సుధారాణిది ఎరుపు. ఎవరిచ్చారో గానీ సరిగ్గా ఇచ్చారు. నాది ఆకుపచ్చ. ప్యాకింగ్ గదిలో అందరికీ కలిపి పెట్టిన ట్యాబ్‌ది నలుపు.

మొదట్లో నేను ప్రతి ఫోటో మీదా "బాగుంది" అని రాశాను. సుధారాణి వెంటనే ఫోన్ చేసింది.

"బాగుంది అంటే ఏటక్కా? పెళ్లి బోయినమా? ఎక్కడ బాగుంది, ఎందుకు బాగుంది, అది రాయి."

బి.ఎస్సీ. అయ్యాక ఇంతకాలానికి నన్ను ఒకరు వ్యాసం రాయమన్నారు. విజృంభించాను. నీడల గురించీ, గిన్నె వంపు గురించీ, వెనక కనబడే చీపురు గురించీ రాశాను. చీపురు మాదే కనుక ఆ చుక్కను తరవాత తీసేశాను.

ఈ ఎరుపు, ఆకుపచ్చల మధ్య ఒక నల్ల చుక్క మొదలైంది.

మొదట పడింది ఇత్తడి గిన్నెలో పోసిన, బద్దలవని గుండుపప్పు ఫోటో మీద. కొబ్బరాకుల సందునుంచి పొద్దుటెండ సరిగ్గా గిన్నెలోకి దిగి, ఒక్కో పప్పూ లోపల దీపం పెట్టినట్టుంది. అందులో అన్నిటికంటే నిండుగా ఉన్న పప్పు మీద నల్ల చుక్క. తెరిచి చూస్తే లోపల ఒక్క ముక్క కూడా రాసి లేదు.

"ఎవరికో నచ్చలేదు పిన్నీ. మొగమాటపడి రాయలేదు," అంది షైని.

నాకూ అదే నిజమనిపించింది. మా ఊళ్లో ఎవరికైనా కూర నచ్చకపోతే "బాలేదు" అనరు. విస్తరి అంచుకు తోసేసి, వానల సంగతి ఎత్తుకుంటారు. షైని ఆ పప్పు తీసేసి మళ్లీ ఫోటో తీసింది. ఈసారి గిన్నె అంచున మెరుపు మీద పడింది చుక్క. గిన్నె తీసేసి స్టీలు పళ్లెం పెట్టింది. వాళ్లమ్మ దోసిట్లో పప్పు పోసి తీస్తే, ఆ దోసిలి మీదే పడింది. దోసిలీ పోయింది. బద్దపప్పు, బెల్లం పాకంలో వేసిన పప్పుచెక్క, ఏది తీసినా అంతే. చివరికి తెల్ల దుప్పటి మీద ఒక్క ప్యాకెట్టును నిలబెట్టి ఫోటో తీసింది. దాని మీద చుక్క పడలేదు.

సుధారాణి ఎర్ర చుక్క మాత్రం వెంటనే పడింది: "ఇదేమిటి, ఆధార్ కార్డు ఫోటోనా?"

షైని ట్యాబ్ ముందు కూర్చుండిపోయింది. "షోరూం వోళ్లకి వత్తానని సెప్పేస్తాను పిన్నీ. నా కళ్లకి బాగున్నదల్లా వీళ్లకి బాలేదు. ఇంకెందుకు?"

అప్పటికి శుక్రవారం. ఆ నల్ల చుక్క ఎవరిదో తెలిస్తే తప్ప నాకు అన్నం సయించేలా లేదు. షైని మీద జాలి కొంత, మిగతాదంతా కుతూహలమేనని ఒప్పుకోవాలి. ఇంట్లో బెల్లం ఎవరు తింటున్నారో కనిపెట్టిన అనుభవం నాకుంది.

ముందు మగ్దలీనను అడిగాను. "నా కూతురు పనికి నేను వంకలెడతానా అమ్మా? ఎట్టాలంటే ఇంట్లో ఎట్టుకోనా?" అంది. అత్తగారినైతే అడగనే లేదు. ట్యాబ్ వచ్చిన రోజే ఆవిడ, "నాకేటి తెలుసు ఆ పలక సంగతి? మీరే సూసుకోండి," అని చేతులు దులిపేసుకుంది.

అలాంటప్పుడు ఎర వెయ్యాలి. పౌడర్ రాసుకున్న రోజున షైని సరదాకి తీసిన నా ఫోటో ఒకటుంది. దాన్ని ఇంకా చుక్క పడని ఒక పప్పుచెక్క ఫోటోకూ, ఉప్పుకారం పప్పు ఫోటోకూ మధ్యన పెట్టాను. వంకలు పెట్టేవాళ్లెవరో గానీ, నాలో వంక దొరక్కుండా ఉండదు కదా అని నా లెక్క.

సాయంత్రానికి పప్పుచెక్క మీద చుక్క పడింది. ఉప్పుకారం పప్పు మీదా పడింది. నా మీద పడలేదు.

కాస్త గర్వపడ్డానని చెప్పడానికి సిగ్గుపడను. నాకు తప్ప దేనికైనా వంక పెట్టగలరన్న మాట! అదే ఉత్సాహంలో పాత ఫోటోలన్నీ మళ్లీ ఒక్కొక్కటే చూశాను. అప్పుడొక సంగతి తట్టింది. నేను ఆకుపచ్చ చుక్కతో ఎక్కడెక్కడ పొగిడానో, నల్ల చుక్క సరిగ్గా అక్కడికే వచ్చి కూర్చుంటోంది. ఆధార్ కార్డు ఫోటోకు మాత్రం రాలేదు. తిట్టేవాళ్లు బాగున్నవి మాత్రమే ఏరుకుని తిడతారా?

నా గర్వం అక్కడితో ఆగింది.

శనివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, గోనెసంచి వెతుకుతున్నట్టు తలుపు వెనక నిలబడ్డాను. అత్తగారు చేతిలోని పప్పు చేటలో పడేసింది. వేలు కొంగుకు శుభ్రంగా తుడుచుకుంది. ట్యాబ్ దగ్గరికి తీసుకుని, ఫోటోలు ఒక్కొక్కటే జరుపుతూ, ఒకచోట ఆగి, "ఓలమ్మా," అంది మెల్లగా. చుక్క పెట్టింది. తరవాత రెండు అరచేతులూ ఆ అద్దం చుట్టూ తిప్పి, కణతలకు ఆనించుకుని, మెటికలు ఠపఠపా విరిచింది.

గోనెసంచి నా చేతిలోంచి జారిపోయింది.

"అత్తా! దిష్టి చుక్కలా అవి?"

ఆవిడ ఉలిక్కిపడలేదు. "మరేటనుకున్నావు? దేశమంతా సూత్తారని సుదారాణే సెప్పింది గదా. అందరి కళ్లూ పడితే పప్పు పుచ్చిపోదేటి? సుక్క ఎట్టడానికే ఈ పలక ఇచ్చినారు కాదా?"

"మరి ముట్టుకోనన్నావు?"

"ముట్టుకోనన్లేదు. తెలీదన్నాను. సూత్తే తెలిసింది."

షైనిని కేకేశాను. సంగతి విని ఆ పిల్ల ముందు నమ్మలేదు. ట్యాబ్ తీసుకుని మొదటి ఇత్తడి గిన్నె నుంచీ చుక్క చుక్కా తడుముకుంటూ వచ్చింది. "అయితే ఇదీ బాగుందా మామ్మా? అమ్మ సెయ్యి ఉన్నది కూడా?"

"ఆ సెయ్యి మీదే ముందెట్టాలి. ఎంత పప్పు ఏరిన సెయ్యి అది! ఇదిగో, దుప్పటి మీద ప్యాకెట్టు తీసినావు సూడు, దానికి ఎవుడి దిష్టీ తగల్దు. దొంగలు కూడా సూడరు."

షైని నవ్వింది. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది. ఎటొచ్చీ అత్తగారు అక్కడితో వదల్లేదు. ఆ చుక్కలు మనకే కనబడతాయనీ, అమ్మే చోట పెట్టే ఫోటోలో ఉండవనీ తెలిసేసరికి ఆవిడ మొహం మారిపోయింది. "సుక్క నేకుండా ఊరిమీదకి పంపుతారా? అయితే నా పప్పు ఇవ్వను. ఉత్తి దుప్పటి అమ్ముకోండి."

షైని గది మూలన ఉన్న కాల్చిన పిక్కల కుప్ప దగ్గరికి వెళ్లింది. బొగ్గులా నల్లగా ఉన్న ఒక పిక్కను తీసి, అరచేతిలో అటూ ఇటూ దొర్లించింది.

ఆదివారం పొద్దున్నే ఇత్తడి గిన్నె తిరిగొచ్చింది. మగ్దలీన దోసిలి తిరిగొచ్చింది, చర్చికి కట్టుకున్న చీరతో సహా. ప్రతి ఫోటోలోనూ ఎడమవైపు కింద, ఒకే ఒక్క నల్ల పిక్క. అత్తగారు కళ్లు చికిలించి చూసి, "ఊఁ, ఇప్పుడు పంపండి," అంది.

సుధారాణి రైలు దిగి ఆటోలో వస్తూనే చూసినట్టుంది. ఆటో మా వీధి మలుపు తిరక్కముందే ఫోటోలో ఎర్ర చుక్క పడింది, సరిగ్గా పిక్క మీద. షైని తెరవడానికి భయపడి ట్యాబ్ నా చేతికిచ్చింది. నేను పైకి చదివాను: "ఈ నల్ల పిక్క ఎవరి ఐడియా? తెల్ల పప్పు పక్కన భలే తేలింది. ఇక మీదట ప్రతి ఫోటోలోనూ ఉండాలి. షైనీ, షోరూం వాళ్లకు రానని చెప్పేయ్."

ఆటో దిగాక సుధారాణి కాంట్రాస్ట్ గురించీ, బ్రాండు గుర్తు గురించీ మాకు చాలాసేపు వివరించింది. దిష్టి సంగతి ఎవరమూ చెప్పలేదు. చదువుకున్న మనిషి, నొచ్చుకుంటుంది.

నా ఫోటో ఇంకా పప్పుచెక్క పక్కనే ఉంది. తీసేయడం మరిచిపోయినట్టు నటిస్తున్నాను. మొన్న పప్పు ఏరుతుండగా, ఊరికే అడిగినట్టు అత్తగారిని అడిగాను.

ఆవిడ చేతిలో చేట ఆపి, నన్ను కిందినుంచి పైకి ఒకసారి చూసింది.

"నీకెందుకే సుక్క? నువ్వు బాగానే ఉన్నావు."