ఎండ చూడని బండి

ఐదు నిమిషాలు ఊరికే తిరగనిచ్చి, ఆరో నిమిషంలో మేస్త్రి యాక్సిలరేటరు కొద్దిగా నొక్కాడు. సీటు వెనకున్న ఇంజను గొంతు మార్చింది. షెడ్డు రేకులు సన్నగా అదిరాయి. గోడకు తగిలించిన పానాలు ఒకదాన్నొకటి తాకి టింగుమన్నాయి. పది నిమిషాలయ్యాక తాళం తిప్పి ఆపాడు. ఆపినా వెంటనే దిగలేదు. వేడెక్కిన ఇనుము చల్లారుతూ టిక్కు టిక్కుమంటుంది. ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా కూర్చోవడం అతని అలవాటు.

శుక్రవారం వస్తే ఇదే పని, తొమ్మిదేళ్ళుగా. ఇంజను తిరుగుతుంది కానీ బండి కదలదు. కదిలితే కిలోమీటర్ల మీటరు తిరుగుతుంది. మీటరు తిరిగితే ధర పడిపోతుంది.

మేస్త్రి పొట్టి మనిషి. అరవైకి దగ్గర పడ్డాడు. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తి కింద పడి నల్లబడి, అలాగే ఉండిపోయింది. సరుకులు మోసే వ్యాన్లకు క్లచ్ ప్లేట్లు, బ్రేకులు మార్చడం పని. ముప్పై ఏళ్ళుగా ఒకటే వర్క్‌షాపు, బండ్ల కింద ఒకటే గొయ్యి. ఆ వ్యాన్లలో ఏదీ అతనికి గుర్తుండదు. అతన్నీ ఎవరూ గుర్తుంచుకోరు.

గుర్తుండేది ఈ నీలం స్పోర్ట్స్ కారొక్కటే. నడుం ఎత్తు కూడా ఉండదు, ఇద్దరికి మించి పట్టదు. ముందు ఎడమ పక్క నుజ్జయిపోయి ఇన్సూరెన్సు వాళ్ళ వేలానికొస్తే, అతనూ బావమరిదీ చెరిసగం వేసుకుని కొన్నారు. బావమరిది అదే వర్క్‌షాపులో రంగు పని చేసేవాడు. ఇంజను బావ వంతు, ఒళ్ళు బావమరిది వంతు. రెండేళ్ళ ఆదివారాలు దానికే ధారపోశారు. చక్రం మీది రెక్క కొత్త రేకుతో చేసి, షెడ్డులో ట్యూబులైటు కింద దానికి మాత్రం నీలం కలిపి కొట్టి, ఒకరోజు చీకటి పడ్డాక వర్క్‌షాపు చుట్టూ ఒక్క చుట్టు తిప్పి లోపల పెట్టారు. అంతే. మేస్త్రి భార్య పాత దుప్పట్లు కలిపి కుట్టి దానికి ముసుగు చేసిచ్చింది.

"పెళ్ళికూతుర్ని చేసి ఊరేగింపు లేకుండా గదిలో పెట్టుకున్నారు ఇద్దరూ" అనేది.

బావమరిది మొదటి ఏడాదే అడిగాడు. "బావా, అమ్మేద్దాం. నా వంతుతో ఓ చిన్న గది కట్టుకుంటా. గాలి లాగేసే ఫ్యాన్లు పెట్టించుకుని నా పని నేను చేసుకుంటా. ఈ వర్క్‌షాపులో రంగు పొగంతా నా రొమ్ములోకే."

"ఇంకొక్క ఏడాది ఆగరా. ఈ మోడలు ఇక చెయ్యట్లేదంట. పెరగడమే తప్ప తగ్గేది లేదు."

మూడేళ్ళ తర్వాత రెండోసారి అడిగాడు, నవ్వుతూనే. "నీ ఏడాదికి ఎన్ని నెలలు బావా?"

ఆ తర్వాత అడగలేదు. ఒక సాయంత్రం వచ్చి, షెడ్డు గుమ్మంలో దగ్గుతూ కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. ధర ఐదేళ్ళు పెరిగింది, ఆపైన దిగడం మొదలుపెట్టింది. దిగుతున్నదని తెలిసినా మేస్త్రి అమ్మలేదు. ధర కోసమే అయితే పెరిగినప్పుడే అమ్మేవాడు. శుక్రవారం శుక్రవారం ఆ పది నిమిషాలు లేకపోతే వారమంతా ఏం చూసుకుని బతకాలో తెలియక ఆగాడు. ఈ మాట భార్యకు కూడా చెప్పలేదు.

ఇప్పుడు బావమరిది మంచం పక్కన ఊపిరి అందించే మిషను పెట్టారు. అందుకే మేస్త్రి ఇలాంటి బళ్ళు కొనే ఒక ఆసామికి ఫోను చేశాడు.

ఆ ఆసామి ఈ శుక్రవారం పది గంటలకు తన పరీక్షదారుతో వచ్చాడు. పరీక్షదారు సన్నటి మనిషి. రంగు మందం కొలిచే చిన్న మీటరు తీసి తలుపులకు, బానెట్టుకు, రెక్కలకు ఆనించి చూశాడు. ఎడమ రెక్క మీద నాలుగుసార్లు పెట్టాడు.

"ఇటు పక్క గుద్దు తగిలిందని మీరే చెప్పారు కాబట్టి సరిపోయింది. లేకపోతే నాకు తెలిసేది కాదు. ఎవరు చేశారండీ?"

"మా బామ్మర్ది."

"బంగారం లాంటి చెయ్యి."

తర్వాత అతను కిందికి దూరాడు. లేచేసరికి రెండు వేళ్ళకు నూనె ఉంది. "దీన్ని నడపకుండా ఉంచారా?"

"నడిపితే మీటరు తిరుగుద్దని..."

"ఆయిలు సీళ్ళన్నీ ఎండిపోయి కారుతున్నాయి. టైర్లు రాయిలా అయ్యాయి. ఊరికే స్టార్టు చేసి ఆపితే ఏం లాభమండీ, అప్పుడప్పుడూ రోడ్డెక్కించాలి గదా."

మేస్త్రి తలొంచుకున్నాడు. మూలపడ్డ వ్యాను తెచ్చిన ప్రతివాడికీ తను చెప్పే మాటే అది, అచ్చం అదే. ఒళ్ళు చెక్కుచెదరలేదు. చెడింది తన వంతు.

ఆసామి ఫోనులో అన్న ధర తగ్గించాడు. "సాయంత్రం నాలుగింటికి లారీ పంపుతా. ఇవాళైతే తీసుకుంటా. రేపైతే వేరేది చూసిపెట్టుకున్నాను."

మేస్త్రి సరేనన్నాడు. వాళ్ళు వెళ్ళాక ముసుగు మడతపెట్టి పక్కన పెట్టాడు. ఇక మీటరు తిరిగితే ఎంత, తిరక్కపోతే ఎంత. షట్టరు పూర్తిగా పైకెత్తి, ఎక్కి, బండిని వెలుగులోకి తెచ్చాడు. ఒక పక్క అణిగిపోయిన టైర్లు దడదడమన్నాయి. మూడు వీధులు. అంత వేగం కోసం పుట్టిన బండిని సైకిలు తోలినట్టు తోలాడు.

బావమరిది ఇంటి మెట్లు వీధిలోకే ఉంటాయి. హారను వినిపించి అతని భార్య తొంగిచూసింది. తర్వాత భర్తను మెల్లగా నడిపించుకొచ్చి మెట్టు మీద కుర్చీలో కూర్చోబెట్టింది. చొక్కా భుజాల మీద నుంచి కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది.

"ఎక్కరా. అలా ఓ చుట్టు తిప్పి తీసుకొస్తా" అన్నాడు మేస్త్రి.

"ఆగు బావా."

లేచి నిలబడ్డాడు. బండి మీద అరచెయ్యి ఆనించుకుంటూ వెనక నుంచి ముందుకు నడిచాడు. ఎడమ రెక్క దగ్గర ఆగాడు. తల ఓ పక్కకి వంచాడు, మళ్ళీ రెండో పక్కకి వంచాడు.

"వంకాయ" అన్నాడు.

"ఏంటీ?"

"రెక్క చూడు. నీలం కాదు. లోపల వంకాయ రంగు తేలుతోంది."

మేస్త్రి కళ్ళు చికిలించి చూశాడు. "నాకేం కనబడట్లేదు."

"నీకెందుకు కనబడుద్ది? నువ్వు చెవులతో బతికినోడివి." ఊపిరి కోసం ఆగాడు. "ట్యూబులైటు కింద కలిపాను గదా. ఎండలో పెట్టి చూడందే ఏ రంగూ ఒప్పుకోను నేను. దీన్ని మాత్రం నువ్వు బయటికి తియ్యనివ్వలేదు."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది మేస్త్రికి.

"కొనేవాళ్ళకి కూడా తెలీలేదురా. మీటరు పెట్టి మరీ చూశారు. బంగారం లాంటి చెయ్యి అన్నారు."

"మీటరుకి కళ్ళుంటాయా? అప్పుడే అమ్మకు బావా. ఒక్క వారం ఆగు. రంగు నేను కలుపుతా, రంగు కొట్టే గన్ను నువ్వు పట్టుకో. ఈ రెక్క సరిచేసి ఇద్దాం."

బావమరిది భార్య గుమ్మంలో నుంచి అంది, "అన్నయ్యా, మీరైనా చెప్పండి. ఆ వాసన పడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు."

మేస్త్రి నోరు తెరిచాడు. చెప్పాల్సిన మాటలు నాలుక మీదే ఉన్నాయి. లారీ నాలుగింటికి వస్తుంది, ఆసామి రేపటిదాకా ఆగడు, నీకు మందులు కావాలి. కానీ తొమ్మిదేళ్ళు ఆగమన్నవాడు తను. ఆ మనిషి అడుగుతున్నది ఒక్క వారం.

"సరే. వారం ఆగుతా."

"నీ వారానికి ఎన్ని రోజులు?" అని నవ్వబోయి దగ్గాడు.

"ముందు ఎక్కరా ఒకసారి."

"ఈ రెక్కతోనా? సరిచేశాక ఎక్కుతా. బండి ఇక్కడే ఉంచి పో. ఎండ పోయేలోపు చూసుకోవాలి."

మంచం కింద రంగు డబ్బాల పెట్టె ఉంది. దాన్ని లాగి, మోసుకొచ్చి, కుర్చీ పక్కన పెట్టింది మేస్త్రే. చెల్లెమ్మ వైపు చూడకుండా పెట్టాడు.

నడుచుకుంటూ వర్క్‌షాపుకు వెళ్ళి, దారిలోనే ఆసామికి ఫోను చేశాడు. "ఇవాళ కాదండీ, ఓ వారం ఆగండి" అన్నాడు. "అయితే మీరే ఉంచుకోండి" అని ఆసామి పెట్టేశాడు.

మధ్యాహ్నమంతా గొయ్యిలో ఒక వ్యానుకు క్లచ్ ప్లేటు మార్చాడు. నాలుగు దాటాక జేబులో ఫోను మోగింది. చేతులు గ్రీజులో ఉన్నాయని వదిలేశాడు. మళ్ళీ మోగింది. గుడ్డకు తుడుచుకుని తీశాడు.

"అన్నయ్యా, ఒకసారి రండి" అంది చెల్లెమ్మ.

బావమరిది కుర్చీలోనే ఉన్నాడు. తల ద్వారబంధానికి ఆనింది. కళ్ళు సగం తెరుచుకుని బండి వైపే ఉన్నాయి. ఆమె మిషను గొట్టం చేత్తో పట్టుకుని పక్కన నిలబడి ఉంది. మెట్టు మీద టీ గ్లాసు, మీగడ కట్టి ఉంది.

"నిద్రపోయాడనుకున్నాను. లేపడం ఎందుకులే అని టీ పక్కన పెట్టి లోపలికి పోయాను" అంది. కాసేపటికి మళ్ళీ అదే మాట అంది.

మేస్త్రి మెట్టు మీద కూర్చున్నాడు. పొద్దున చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెట్టి ఉంటే ఎక్కేవాడే. రెండడుగుల దూరం.

బావమరిది ఒళ్ళో జానెడు రేకు ముక్క ఉంది. దాని మీద వరసగా తొమ్మిది నీలం చుక్కలు. ఎనిమిదింటి పక్కన ఏ రంగు ఎంత కలిపాడో పెన్సిలుతో అంకెలు వేసి ఉన్నాయి. మేస్త్రి దాన్ని తీసి, మిగిలిన కాస్త ఎండలో కారు తలుపుకి ఆనించాడు. ఎనిమిది చుక్కలూ విడివిడిగా కనబడ్డాయి. తొమ్మిదోది తలుపు నీలంలో కలిసిపోయింది, వేలితో తడిమితే తప్ప ఎక్కడుందో తెలియలేదు. రేకును ముందుకు జరిపి రెక్క మీద పెట్టాడు. తొమ్మిదో చుక్క ఒంటరిగా నిలబడింది. దాని చుట్టూ ఉన్నది నీలం కాదు. అప్పుడు కనబడింది మేస్త్రికి వంకాయ రంగు. ఒకసారి కనబడ్డాక ఇక ఎటు నుంచి చూసినా అదే కనబడింది.

నెల తర్వాత వేరేవాళ్ళు వచ్చి, ఇంకా తక్కువకు బండిని తీసుకుపోయారు. రెక్క గురించి వాళ్ళు అడగలేదు, అతను చెప్పలేదు. డబ్బంతా తీసుకెళ్ళి చెల్లెమ్మ చేతిలో పెట్టాడు.

"ఇప్పుడెందుకన్నయ్యా" అంది ఆమె, లెక్క చూడకుండా.

శుక్రవారం పొద్దున మేస్త్రి ఇప్పటికీ షెడ్డు తెరుస్తాడు. స్టూలు వేసుకుని పది నిమిషాలు కూర్చుని లేస్తాడు. షట్టరు మాత్రం పూర్తిగా పైకెత్తుతాడు, ఎండ లోపలిదాకా వస్తుంది. తాళం చెవులు తగిలించే మేకుకు జానెడు రేకు ముక్క వేలాడుతూ ఉంటుంది. దాని చివరి చుక్క పక్కన అంకె లేదు.